యూజర్ గ్రూపు టాక్‌లు: ఒక చిక్కుతో మొదలైనవే గుర్తుంటున్నాయి

పాతసర్వర్

మన లైనక్స్ యూజర్ గ్రూపులో వచ్చే సమావేశాలకు టాక్‌లు ఖాయం చెయ్యాలి. దానికి ముందు అందరినీ ఒకటి అడుగుతున్నాను. ఇన్నాళ్లూ విన్నవాటిలో మీకు ఏవి గుర్తున్నాయి? కొత్త వెర్షన్‌లో వచ్చిన సదుపాయాలను స్లైడ్ తర్వాత స్లైడ్ చూపించినవి నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆ మాటలన్నీ విడుదల ప్రకటనలోనే ఉంటాయి, ఎవరికి వాళ్లు చదువుకోవచ్చు. "డిస్క్ నిండిపోయింది, కానీ నింపిన ఫైలు ఎక్కడా దొరకట్లేదు" అని మొదలైన టాక్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను.

ఆ టాక్‌కు రానివారి కోసం: డిస్కులో ఎంత చోటు నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే 100 శాతం నిండినట్టు చూపిస్తుంది. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే అందులో సగం కూడా లెక్కకు రాదు. నడుస్తున్న ప్రోగ్రామ్ రాస్తూ ఉన్న పెద్ద లాగ్ ఫైలును ఎవరో ఆర్‌ఎమ్‌తో తీసేశారన్నమాట. లైనక్స్‌లో ఫైలు పేరు వేరు, ఆ ఫైలు సరుకు డిస్కులో ఎక్కడుందో రాసి ఉండే ఐనోడ్ వేరు. ఆర్‌ఎమ్ తీసేది పేరునే. ఆ ఐనోడ్‌ను తెరిచి పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒక్కటి మిగిలినా లైనక్స్ గుండె అయిన కెర్నల్ ఆ ఫైలు డిస్కు బ్లాకులను వదలదు. డీయూ పేర్లు పట్టుకుని డైరెక్టరీలన్నీ తిరుగుతుంది కాబట్టి దానికి ఆ ఫైలు కనబడదు. డీఎఫ్ నేరుగా ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి దానికి తెలుస్తుంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ప్లస్ ఎల్1 ఇస్తే పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లన్నీ, పట్టుకున్న ప్రాసెస్‌తో సహా బయటపడతాయి.

నా ప్రతిపాదన ఇదీ. ప్రతి టాక్ ఒక చిక్కుతో మొదలవ్వాలి. చెప్పేవారు దాన్ని ఎలా విప్పారో, దారిలో ఏ అనుమానాన్ని ఎందుకు కొట్టేశారో చూపించాలి. కమాండ్ల జాబితా మాన్యువల్‌లో దొరుకుతుంది. ఏ కమాండ్ ఎప్పుడు గుర్తుకు రావాలన్నది మాత్రం పని చేసినవాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఒప్పుకోనివారు ఉంటే దయచేసి చెప్పండి.

లాగ్‌చదువరి

పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ టాక్‌నే ఇంకోసారి పెట్టినా నేను వస్తాను, ఎందుకంటే అందులో ఇంకా రెండు దారులు మిగిలాయి. ఒకటి, ఐనోడ్లు అయిపోవడం. చోటు బోలెడు ఉంటుంది, అయినా కొత్త ఫైలు పుట్టదు, అదే "చోటు లేదు" సందేశం వస్తుంది. డీఎఫ్‌కు మైనస్ ఐ ఇస్తే కారణం తెలుస్తుంది. సెషన్ ఫైళ్లు లక్షల్లో పోగయ్యే సర్వర్లలో ఇది తరచూ జరుగుతుంది. రెండోది, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం బ్లాకులను రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కోసం పక్కన పెడుతుంది. అందుకే మామూలు యూజర్‌కు డిస్క్ నిండిపోయాక కూడా రూట్ లాగిన్ అయ్యి పని చేయగలుగుతారు. పెద్ద డేటా డిస్కులో అంత చోటు పక్కన పెట్టనక్కర్లేదు, ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తగ్గించుకోవచ్చు.

ఒకే సందేశానికి మూడు కారణాలు. ఇలాంటిది ఒక్క సమావేశంలో మూడు మిషన్ల మీద చూపిస్తే విన్నవాళ్లు జన్మలో మర్చిపోరు.

కొత్తకొమ్మ

నేను గ్రూపుకు కొత్త. పాతసర్వర్ గారూ, మీరు చెప్పినదాంట్లో ఒక సందేహం. ఆ ఫైలును పట్టుకున్న ప్రాసెస్ దొరికాక ఏం చెయ్యాలి? దాన్ని ఆపే వీల్లేకపోతే?

ఇంకో మాట కూడా. టాక్‌లలో స్క్రీన్ మీద అక్షరాలు వెనక వరసకు కనబడవు. పైగా చెప్పేవారు పాత కమాండ్‌ను పై బాణం నొక్కి తెచ్చి ఎంటర్ కొట్టేస్తారు. ఏం కొట్టారో చదివేలోపు జవాబు వచ్చేస్తుంది.

పాతసర్వర్

కొత్తకొమ్మ గారూ, ఆపే వీల్లేకపోతే కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబరు కింద, అది తెరిచిన ఫైళ్ల కోసం ఎఫ్‌డీ అనే డైరెక్టరీ ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపిన ఎఫ్‌డీ నంబరు అక్కడ ఉంటుంది. ట్రంకేట్ కమాండ్‌తో దాన్ని సున్నా సైజుకు తెస్తే చోటు వెంటనే తిరిగి వస్తుంది, ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. లాగ్‌లో ఉన్నది పోతుందని గుర్తుంచుకోండి. అది కావాలనుకుంటే ముందు అక్కడి నుంచే వేరే డిస్కుకు కాపీ తీసుకోవచ్చు.

అక్షరాల సంగతి మీరు చెప్పింది నిజం. టాక్‌కు ముందు ఒకరు వెనక వరసలో కూర్చుని చదివి సరే అన్నాకే మొదలుపెడదాం. ఇకనుంచి ఇది నియమం.

షెల్‌పక్షి

నాకు అభ్యంతరం ఉంది. అన్నీ చిక్కుముడుల టాక్‌లే పెడితే నిర్మాణం ఎవరు చెబుతారు? కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ తీసుకోండి. కమాండ్లు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, లోపల ఏముందో తెలిసినవాళ్లు తక్కువ. గిట్‌లో ఉన్నవి నాలుగే రకాల వస్తువులు: బ్లాబ్, ట్రీ, కమిట్, ట్యాగ్. బ్లాబ్‌లో ఫైలు లోపలి సరుకు ఉంటుంది, పేరు ఉండదు. పేర్లు ట్రీలో ఉంటాయి. కమిట్ అంటే దాచిపెట్టిన ఒక దశ, అది ఒక ట్రీని, తన ముందు కమిట్‌ను చూపిస్తుంది. బ్రాంచ్ అంటే ఒక కమిట్ హ్యాష్ (దాని సరుకు నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య) రాసి ఉన్న చిన్న గుర్తు, అంతే. ఇది అర్థమైతే రీబేస్, చెరీపిక్, డిటాచ్డ్ హెడ్ అన్నీ వాటంతటవే అర్థమవుతాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే గిట్ తన సొంత కోడ్‌ను తానే దాచుకునే స్థితికి వచ్చిందంటే, ఈ నమూనా ఇంత చిన్నది కావడం వల్లే.

ఖాళీ రిపాజిటరీ తెరిచి, ఒక్కొక్క అడుగుకూ డాట్ గిట్ లోపల ఏం పుట్టిందో క్యాట్ ఫైల్ మైనస్ పీతో తెరిచి చూపిస్తే చాలు. దీనికి చిక్కు అక్కర్లేదు.

లాగ్‌చదువరి

చిక్కు ఉంది కదండీ. "రీసెట్ హార్డ్ కొట్టాను, నా కమిట్ పోయింది." గిట్ వాడే ప్రతి ఒక్కరికీ ఈ భయం ఉంది. అక్కడ మొదలుపెట్టండి. మీరు చెప్పిన నిర్మాణం తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది: కదిలింది గుర్తే, కమిట్ ఎక్కడికీ పోలేదు. గుర్తు కదిలిన చిట్టా అయిన రిఫ్లాగ్‌లో పాత హ్యాష్ ఉంటుంది, దాని మీద కొత్త బ్రాంచ్ పెట్టుకుంటే సరిపోతుంది. బ్రాంచ్ ఇప్పటి కొస నుంచి అందని కమిట్‌ల రిఫ్లాగ్ నమోదులు మామూలుగా 30 రోజులు, మిగతావి 90 రోజులు నిలుస్తాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. కమిట్ చెయ్యకుండా యాడ్ (కమిట్‌కు సిద్ధం చెయ్యడం) మాత్రమే చేసినదాన్ని పోగొట్టుకుంటే? యాడ్ చేసినప్పుడే బ్లాబ్ పుట్టేసింది కాబట్టి ఎఫ్‌ఎస్‌సీకే లాస్ట్ ఫౌండ్‌తో వెతకొచ్చు. పేరు ఉండదు, లోపల చదివి పోల్చుకోవాలి, ఎందుకంటే మీరన్నట్టు బ్లాబ్‌కు పేరు ఉండదు. యాడ్ కూడా చెయ్యనిది గిట్‌కు తెలియనే తెలియదు, అది పోయినట్టే. ఈ మూడు మెట్లూ ఎక్కితే నిర్మాణమంతా వచ్చేసింది.

షెల్‌పక్షి

సరే, దీనికి ఒప్పుకున్నాను. ఈ వరసలోనే సిద్ధం చేస్తాను. కానీ స్లైడ్‌లలో ఒక్క బొమ్మ మాత్రం ఉంటుంది, కమిట్‌ల గొలుసుది. అది లేకుండా హ్యాష్‌లు చదివి ఎవరికీ ఎక్కదు.

ప్యాచ్‌పని

లైవ్ డెమో గురించి కూడా తేల్చండి. నెట్ రాకపోవడం, ప్యాకేజీ దిగకపోవడం, వీటితో సగం సమయం పోతోంది. యాస్కీనెమాతో ముందే రికార్డ్ చేసుకుని ఆడించవచ్చు. అది వీడియో కాదు, టెర్మినల్‌లో వచ్చిన అక్షరాలనే సమయంతో సహా దాచుకుంటుంది. అందుకే ఫైలు చిన్నది, ఆపి కాపీ చేసుకోవచ్చు. అది కూడా వద్దంటే యూటిల్ లైనక్స్ అనే ప్యాకేజీలోనే స్క్రిప్ట్, స్క్రిప్ట్ రీప్లే ఉన్నాయి, దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ (లైనక్స్ పంపిణీలోనూ) దొరుకుతాయి.

బైట్‌బాట

రికార్డింగ్‌లో "అక్కడ ఇంకో ఆప్షన్ ఇస్తే ఏమవుతుంది?" అని అడగలేం. యూజర్ గ్రూపుకు మనుషులు రావడమే ఆ ప్రశ్న కోసం.

లాగ్‌చదువరి

రెండూ ఉంచుకోవచ్చు. డెమోను వర్చువల్ మిషన్‌లో పెట్టి, ప్రతి అడుగుకూ ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితి నకలు) తీసుకోండి. ఎక్కడైనా ఇరుక్కుంటే తర్వాతి స్నాప్‌షాట్‌కు దూకితే కథ ఆగదు. ప్యాకేజీలన్నీ ముందే దించుకుని, నెట్ తీసేసి ఒకసారి మొత్తం నడిపి చూసుకోవాలి. అప్పటికీ ఏదైనా అనుకోనిది జరిగితే దాన్ని వదిలేసి ముందుకు పోవద్దు. కొంతసేపు అందరూ కలిసి చూడండి. అనుభవం ఉన్నవాళ్లు మొదట ఏ లాగ్ తెరుస్తారు, ఎర్రర్‌లో ఏ పదం మీద కన్ను వేస్తారు అన్నది కొత్తవాళ్లు చూసేది అప్పుడే.

బైట్‌బాట

నా వంతు టాక్ కంటైనర్ల మీద, అంటే ప్రోగ్రామ్‌ను మిగతా మిషన్ నుంచి వేరుచేసి నడపడం మీద. కంటైనర్లు నడిపే డాకర్ కమాండ్లు ఒక్కటీ వాడను. కెర్నల్‌లో కంటైనర్ అనే వస్తువే లేదు. ఉన్నవి ప్రాసెస్‌కు ఏం కనబడాలో విడదీసే నేమ్‌స్పేస్‌లు, అది ఎంత వాడుకోవాలో కట్టడి చేసే సీగ్రూపులు. మౌంట్ నేమ్‌స్పేస్ 2002లోనే 2.4.19 కెర్నల్‌తో వచ్చింది. సీగ్రూపులు 2008లో 2.6.24తో చేరాయి. యూజర్ నేమ్‌స్పేస్ పని 2013లో 3.8 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. డాకర్ బయటికి వచ్చింది అదే సంవత్సరం. ఇటుకలన్నీ అంతకు ముందే అక్కడ ఉన్నాయి.

చిక్కు ఏమిటంటారా? "కంటైనర్ లోపల నా ప్రోగ్రామ్ నంబరు 1, బయట చూస్తే ఇంకో నంబరు. ఏది నిజం?" అన్‌షేర్ కమాండ్‌కు ఫోర్క్, పిడ్, మౌంట్ ప్రాక్ ఆప్షన్లు ఇచ్చి రూట్‌గా కమాండ్లు కొట్టే ఒక బాష్ షెల్ తెరుస్తాను. లోపల ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కొడితే 1వ నంబరుగా బాష్, పక్కన పీఎస్ తప్ప ఇంకేమీ కనబడదు. ఇంకో టెర్మినల్‌లో అదే బాష్ మామూలు నంబరుతో, మిగతా ప్రాసెస్‌ల మధ్యే కనబడుతుంది. రెండు నంబర్లూ నిజమే, చూసే చోటు వేరు. ఆ తర్వాత మౌంట్ ప్రాక్ ఆప్షన్ తీసేసి మళ్లీ నడిపిస్తాను. అప్పుడు లోపలి పీఎస్ బయటి జాబితానే చూపిస్తుంది. పీఎస్ చదివేది ప్రాక్‌ను, అది ఇంకా పాతదే కాబట్టి. నేమ్‌స్పేస్ అంటే ఏమిటో ఈ ఒక్క తేడాతో తెలిసిపోతుంది.

చివర్లో సీగ్రూపులో మెమరీ పరిమితి పెట్టి, దాన్ని దాటిన ప్రాసెస్‌ను కెర్నల్ చంపడం, కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్‌లో చూపిస్తాను.

ఎడమకీ

బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ మంచిదా చెడ్డదా అని ఒక చర్చ పెడితే? అందరూ వస్తారు.

పాతసర్వర్

వద్దండి. 2010 నుంచి ఆ వాదన నడుస్తూనే ఉంది. డెబియన్ డిస్ట్రో 2015లో 8వ విడుదలతో దానికి మారిపోయింది కూడా. ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోరు, స్నేహాలు మాత్రం చెడతాయి. దాని బదులు "నా మిషన్ బూట్ అవడానికి ఇంతసేపు ఎందుకు?" అని పెట్టండి. ఏ సర్వీసు ఎంతసేపు తీసుకుందో చెప్పే సిస్టమ్‌డీ ఎనలైజ్ బ్లేమ్ చూసి పైన ఉన్న సర్వీసునే అందరూ తిడతారు. సర్వీసులు ఒకేసారి పక్కపక్కన మొదలవుతాయి కాబట్టి ఎక్కువసేపు తీసుకున్నదే బూట్‌ను ఆపిందని చెప్పలేం. ఎవరి కోసం ఎవరు ఆగారో క్రిటికల్ చెయిన్ చూపిస్తుంది. ఈ తేడా మీద టాక్ చెప్పండి, మీకే ఇస్తాను.

రాత్రిపాళీ

ఆలస్యంగా చూశాను. నా మనసులో ఉన్న టాక్ ఒక్కటే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రాజెక్టులో దొంగ కోడ్ దూరిన సంఘటన. పాతసర్వర్ గారు అడిగిన "దారి చూపించడం" అనేదానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆ సంగతిని ఓఎస్‌ఎస్ సెక్యూరిటీ మెయిలింగ్ జాబితాలో బయటపెట్టారు. ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. దొంగల కోసం వెతకట్లేదు, తన పనికి వేగం కొలతలు తీసుకుంటున్నారు. డెబియన్ అస్థిర శాఖ ఉన్న మిషన్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి చేసే లాగిన్‌లు సీపీయూను ఎక్కువగా తింటున్నాయి, ఒక్కో లాగిన్‌కు సుమారు అర సెకను అదనంగా పడుతోంది. అంతకు ముందు మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌లో కనబడిన వింత ఎర్రర్లు కూడా గుర్తుకొచ్చాయి. ఆ అర సెకనును ఆయన వదల్లేదు. సమయం ఎక్కడ పోతోందో చెప్పే పర్ఫ్ పెట్టి చూస్తే, అది ఎక్స్‌జెడ్ లైబ్రరీ లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏలో పోతోంది. కుదింపు చేసే లైబ్రరీకి లాగిన్‌తో ఏం పని?

ఇక్కడ ఆగి సభను అడగాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు కోడ్ ఆ లైబ్రరీని వాడదు. కొన్ని డిస్ట్రోలు సర్వీసు సిద్ధమైందని సిస్టమ్‌డీకి చెప్పడం కోసం ఒక ప్యాచ్ వేశాయి. దాంతో లిబ్‌సిస్టమ్‌డీ వచ్చి చేరింది, దాని వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ వచ్చింది. ఎవరి మిషన్‌లో వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డీ మీద, ప్రోగ్రామ్ లాగే లైబ్రరీలు చూపే ఎల్‌డీడీ కొట్టి తమ గొలుసు ఎంత పొడుగుందో చూడవచ్చు.

దొంగ కోడ్ దాచిన తీరు ఇంకా ఆలోచించవలసినది. 5.6.0, 5.6.1 విడుదలల్లో అది పరీక్షల కోసం పెట్టినట్టున్న బైనరీ ఫైళ్లలో ఉంది. బిల్డ్ సమయంలో దాన్ని బయటికి తీసే ఎమ్4 స్క్రిప్ట్ వరస మాత్రం గిట్‌లో లేదు, విడుదల టార్‌బాల్‌లోనే (పంచే కోడ్ మూటలోనే) ఉంది. రెండింటినీ డిఫ్‌తో పోల్చితే పట్టుబడేది కదా అనిపిస్తుంది. ఆటోటూల్స్ అనే బిల్డ్ పనిముట్లు వాడే ప్రాజెక్టుల్లో టార్‌బాల్‌లో కన్ఫిగర్ వంటి పుట్టించిన ఫైళ్లు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి తేడాలు వేల వరసల్లో వస్తాయి, ఎవరూ చదవరు. ఆ అలవాటు చాటునే అది దాక్కుంది. జియా టాన్ అనే పేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లే పంపి నమ్మకం సంపాదించాడు. అప్పటిదాకా ఆ ప్రాజెక్టును దాదాపు ఒక్కరే, జీతం లేకుండా, మోస్తూ వచ్చారు.

నేను ఆ దొంగ కోడ్‌ను ఎక్కడా నడపను. ఏదైనా మామూలు ఆటోటూల్స్ ప్రాజెక్టు టార్‌బాల్‌నూ దాని గిట్ ట్యాగ్‌నూ పోల్చి చూపిస్తాను. తర్వాత సభలో అందరం కూర్చుని, మనం రోజూ వాడే ప్యాకేజీల్లో ఒక్కరే మోస్తున్నవి ఏవో కమిట్ చరిత్ర చూసి వెతుకుదాం. గిట్ షార్ట్‌లాగ్‌కు మైనస్ ఎస్ఎన్ ఇస్తే ఎవరెన్ని కమిట్‌లు చేశారో వస్తుంది. ఆ చివరి భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి, నాకు ముఖ్యమైనది అదే. వాళ్లలో ఒక్కరికైనా బగ్ రిపోర్టులు పరీక్షించి పెట్టే సాయం మన గ్రూపు నుంచి అందాలి.

ప్యాచ్‌పని

దీనికి సమావేశం మొత్తం ఇచ్చేయండి. నా టాక్ వెనక్కి జరపొచ్చు.

అచ్చుహల్లు

రాత్రిపాళీ గారిది చదివాక నాది చిన్నదిగా అనిపించినా, తెలుగు వాడేవాళ్లకు పనికొచ్చేది కాబట్టి చెబుతున్నాను. "స్త్రీ అని రాస్తే ఒక్క అక్షరం. పైథాన్ దాని పొడవు 6 అంటుంది, బైట్లు లెక్కించే డబ్ల్యూసీ మైనస్ సీ 18 అంటుంది. ఎందుకు?" స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్లు). యూటీఎఫ్8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి మూడు బైట్లు. కాబట్టి 18. అందుకే చాలా ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోకుండా గుడి ఒక్కటే పోతుంది. అందుకే బైట్ల లెక్కన కోసే ప్రోగ్రామ్ మన పేర్లను మధ్యలో విరగ్గొడుతుంది.

ఆరింటినీ ఒక్క రూపంగా పేర్చేది హార్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ అన్నిటి వెనకా అదే ఉంది. దాంతో వచ్చే హెచ్‌బీ షేప్‌కు ఒక ఫాంటు, ఒక మాట ఇస్తే ఏ గ్లిఫ్‌లు (ఫాంటులోని రూపాలు) ఏ వరసలో పెట్టిందో చెబుతుంది. ఒత్తులు సరిగా రాకపోతే తప్పు ఫాంటుదా, హార్ఫ్‌బజ్‌దా, అప్లికేషన్‌దా అని అక్కడే తేల్చుకుని సరైన చోట బగ్ రాయవచ్చు. తెలుగులో బగ్ రిపోర్టులు తక్కువగా వెళ్తున్నాయి. ఈ టాక్ తర్వాత అక్కడే కూర్చుని కొన్ని రాయించాలని నా కోరిక.

పాతసర్వర్

తప్పకుండా పెడదాం. అచ్చుహల్లు గారి టాక్‌కు అందరూ ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోండి. రాత్రిపాళీ గారికి పూర్తి సమావేశం. షెల్‌పక్షి, బైట్‌బాట ఆ తర్వాతి దాంట్లో. ప్రశ్న అడిగినప్పుడు చెప్పేవారు దాన్ని మైక్‌లో తిరిగి చెప్పాలి, లేకపోతే రికార్డింగ్‌లో జవాబులు మాత్రమే వినబడుతున్నాయి. వాడిన కమాండ్లన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో గ్రూపు రిపాజిటరీలో పెట్టాలి.

కొత్తవాళ్ల నుంచి ఒక చిన్న టాక్ కావాలి. పది నిమిషాలు చాలు.

కొత్తకొమ్మ

నేను ప్రయత్నించనా? ఫ్రీ కమాండ్ కొడితే ఖాళీ మెమరీ ఎప్పుడూ కొంచెమే చూపిస్తుంది, మొదట్లో మెమరీ అయిపోతోందని భయపడ్డాను. అది చదివిన ఫైళ్లను కెర్నల్ మెమరీలో ఉంచుకునే పేజ్ క్యాష్ అని తర్వాత చదివాను. అవైలబుల్ అనే నిలువు వరుసే చూడాలని, అది కెర్నల్‌లో 3.14తో చేరిందని తెలిసింది. కానీ సభలో దీన్ని కళ్లకు కనబడేలా ఎలా చూపించాలో అర్థం కావట్లేదు.

లాగ్‌చదువరి

భలే ఎంచుకున్నారు. ఒక పెద్ద ఫైలు తయారుగా పెట్టుకోండి. ముందు సింక్ కొట్టి, ప్రాక్ కింద సిస్, వీఎమ్‌లో ఉండే డ్రాప్ క్యాషెస్‌లో 3 రాయండి, క్యాష్ ఖాళీ అవుతుంది. ఫ్రీ చూపించండి. ఆ ఫైలును క్యాట్‌తో, వచ్చినదంతా పారేసే డెవ్ నల్‌కు పంపి టైమ్ కొలవండి. మళ్లీ ఫ్రీ: ఖాళీ తగ్గింది, క్యాష్ పెరిగింది, అవైలబుల్ దాదాపు కదల్లేదు. అదే క్యాట్ రెండోసారి కొట్టండి. సమయం ఎంత పడిపోయిందో సభే చదువుతుంది, మీరు వివరించనక్కర్లేదు. నడుస్తున్న సర్వర్ మీద మాత్రం డ్రాప్ క్యాషెస్ వద్దని చెప్పండి. డేటా పోదు, కానీ క్యాష్ మళ్లీ నిండేదాకా అన్నీ నెమ్మదిస్తాయి.

కొత్తకొమ్మ

ఫైలు ఎంత పెద్దది ఉండాలి?

లాగ్‌చదువరి

ఖాళీ ర్యామ్‌లో సగం కంటే తక్కువ. ర్యామ్ కంటే పెద్దదైతే చివరిదాకా చదివేసరికి మొదటి భాగం క్యాష్‌లోంచి వెళ్లిపోతుంది, రెండోసారి కూడా అంతే సమయం పడుతుంది. వర్చువల్ మిషన్‌లో చేస్తే ఇంకో జాగ్రత్త: లోపల క్యాష్ ఖాళీ చేసినా బయటి మిషన్ క్యాష్‌లో ఫైలు ఉండిపోవచ్చు, అప్పుడు మొదటిసారే వేగంగా వస్తుంది. వర్చువల్ మిషన్ నడిపే క్యూఈఎమ్‌యూలో డిస్కుకు క్యాష్ నన్ అని పెట్టుకోండి, లేదా నేరుగా మీ ల్యాప్‌టాప్ మీదే చెయ్యండి.

కొత్తకొమ్మ

ల్యాప్‌టాప్ మీదే చేస్తానండి. ఈ రాత్రికి ఒకసారి నడిపి, వచ్చిన అంకెలు ఇక్కడే పెడతాను.